మూడు గళ్ల కాగితం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. జడ్జీ ముందు దాన్ని జేబులో పెట్టుకోగలను గానీ, నా ఆఫీసులో, నా కుర్చీ ముందు కూర్చుని నా కాగితానికి ఎవడైనా వంక పెడితే మాత్రం ఒళ్ళు తెలియదు. ఇందులో తప్పెవరిదని మీరు వెతుక్కోనక్కర్లేదు. ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాదే. చేసిన రోజున అది తప్పనిపించలేదు సరికదా, ఇరానీ చాయ్ తెప్పించుకుని మరీ సంతోషించాను.

నా పేరు పరబ్రహ్మం. మాది బాపట్ల. అరవై రెండులో హైదరాబాదు వచ్చి, పత్తర్‌గట్టిలో ఒక బట్టల కొట్టు మేడ మీద ఆఫీసు పెట్టాను. హైకోర్టుకు నడిచి పోవచ్చు. మిగతా ప్లీడర్లు భూములూ హత్యలూ చూసుకుంటుంటే నేను సినిమా తీసేవాళ్ళ కాగితాలు చూసేవాణ్ణి. పెద్ద కంపెనీలు కాదు, వాళ్ళకి మద్రాసులో వకీళ్ళున్నారు. నా దగ్గరికొచ్చేది ఉద్యోగాలకు సెలవు పెట్టి సొంతంగా సినిమా తీసే లెక్చరర్లు, బ్యాంకు గుమాస్తాలు, నాటకాల పిచ్చివాళ్ళు. కథ హక్కులు, నటుల ఒప్పందాలు, సెన్సారు వాళ్ళకు జవాబులు, అన్నీ నేనే రాసిపెట్టేవాణ్ణి. బార్ లైబ్రరీలో నన్ను ‘బొమ్మల ప్లీడరు’ అని ఏడిపించేవాళ్ళు. పైకి నవ్వేవాణ్ణి. లోపల మండిపోయేది. పదిహేడేళ్ళలో నేను కాగితాలు రాసిన సినిమా ఒక్కటి కూడా కోర్టు స్టేతో ఆగలేదని నాకో గర్వం.

ఆగకపోవడానికి కారణం నా మూడు గళ్ల కాగితం. నిజంగా జరిగిన సంగతి మీద సినిమా తీస్తే ఎవడో ఒకడు నా పరువు పోయిందంటూ కోర్టుకెక్కుతాడు. అందుకని ప్రతి సన్నివేశానికీ ఆధారం రాయించేవాణ్ణి. మొదటి గడిలో సన్నివేశం. రెండో గడిలో అది కళ్ళారా చూసిన మనిషి పేరు, తండ్రి పేరు, ఉండే చోటు. మూడో గడిలో సంతకం, లేదా వేలిముద్ర. ఒకటే ప్రతి. అది నా బీరువాలో ఉంటుంది. కేసంటూ పడితే జడ్జీకి చూపించడానికే తప్ప మరెవరి కంటా పడకూడదు. ఈ పద్ధతి నాకెవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను.

డెబ్భై తొమ్మిది వేసవిలో ప్రకాశం వచ్చాడు. సర్కారు ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేయించి వేయించి సినిమా మీద పడ్డాడు. తోటి పనివాళ్ళనే నటులుగా పెట్టి, ఆదివారాలు తీసుకుంటూ రెండేళ్ళలో ముప్పాతిక సినిమా పూర్తి చేశాడు. పేరు ‘మూడో ఈల’.

కథ నిజంగా జరిగిందే. జల్‌పల్లి అవతల ఒక కంకర క్వారీ ఉంది. అక్కడ మందు పేల్చేముందు మూడు ఈలలు వెయ్యాలి. మొదటి ఈలకు పని ఆపుతారు. రెండో ఈలకు పరుగెత్తుతారు. మూడో ఈల తర్వాతే వత్తి ముట్టించాలి. ఒక రోజు మూడో ఈల వెయ్యకుండానే ముట్టించారు. అప్పటికి గుంతలో ముగ్గురున్నారు. వాళ్ళు బొంబాయి పారిపోయారని క్వారీ వాళ్ళు చెప్పారు. పారిపోలేదు. ఆ రాళ్ళ కిందే ఉన్నారు. వాళ్ళ మీద ఇంకో పది లారీల రాయి పోయించారు.

“ఇది చూసిందెవరు?” అని అడిగాను.

ప్రకాశం గొంతు తగ్గించాడు. “ఒక్కామెనే సార్. పేరు మాత్రం చెప్ప. కెమెరా పట్టినోనికి గూడ చెప్పలె. సినిమాల గూడ ఆమె మొకం కనబడకుంట ఎనుకకెల్లే తీసిన.”

“పేరు లేకపోతే కాగితం లేదు. కాగితం లేకపోతే నేను లేను. ఇంకో ప్లీడర్ని చూసుకో,” అన్నాను.

వారం తర్వాత ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. పేరు కాశమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. రాయి మోసీ మోసీ అరచేతులు గట్టిపడిపోయాయి. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడింది. గుంతలో పోయిన ముగ్గురిలో మైసయ్య ఆమె తమ్ముడు. ఆ రోజు వాడికి సద్ది తీసుకుపోతూ గట్టు మీద నుంచి చూసింది. వత్తి ముట్టించింది ఎవరో కూడా చూసింది. క్వారీలో కూలీల మీద పెత్తనం చేసే మున్షీ వైకుంఠం.

“మా మైసడు నన్ను ఇడిసి పోయిండంటున్రు సారూ,” అంది. “వాడు గసుంటోడు గాదు. సద్ది తినకుంట యాడికీ పోయేటోడు గాదు. వాడు పారిపోలేదని సినిమాల ఒక్క మాట చెప్పిన్రంటె సాలు, నాకింకేం వద్దు.”

మా టైపిస్టు హైమవతి కాగితం టైపు చేసింది. మచిలీపట్నం పిల్ల, నా దగ్గర ఆరేళ్ళుగా పనిచేస్తోంది, నా కేకలకు బెదరదు. రెండో గడి దగ్గర ఆగి, “ఇల్లెక్కడో కూడా రాయాలా సార్?” అంది.

“అన్ని సినిమాలకీ రాస్తున్నాం కదా, దీనికి మాత్రం ఎందుకు మానాలి?” అని కసిరాను. టైపు చేసింది.

సిరా డబ్బా ముందుకు జరిపాను. కాశమ్మ బొటనవేలు అద్దుకుని ఆగిపోయింది.

“గీడ ముద్రేస్తె నా పేరు వాళ్లకు తెల్వది గద సారూ?”

“ఈ కాగితం నా బీరువా దాటదు. పూచీ నాది,” అన్నాను.

వేసింది. చెయ్యి వణికి ముద్ర అలుక్కుపోయింది. దాన్ని కొట్టేసి మళ్ళీ వెయ్యమన్నాను. మళ్ళీ అలుక్కుపోయింది. మూడోసారీ అంతే. నాకు చిర్రెత్తుకొచ్చింది. “ఏమిటమ్మా ఆ వణుకు! ఒక్క శుభ్రమైన ముద్ర వెయ్యడానికి ఇంత రామాయణమా? చేతులన్నా సరిగ్గా కడుక్కుని రావద్దూ!” అన్నాను. హైమవతి లేచి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది. నాలుగోది కూడా కాస్త అలికినట్టే పడింది గానీ, చాల్లెమ్మని ఊరుకున్నాను. కాశమ్మ తలొంచుకుని సిరా అంటిన వేలు కొంగుకు తుడుచుకుంది. ఆ రోజు ఆమె మీద అరిచిన ఆ మాటలు తర్వాత నన్ను ఎంత తినేశాయో నాకే తెలుసు.

నెల తిరక్కుండానే ఒక సోమవారం మధ్యాహ్నం వైకుంఠం నా ఆఫీసు మెట్లెక్కాడు. ప్రకాశం ఎడిటింగు పని మీద మద్రాసులో ఉన్నాడు. వైకుంఠానికి యాభై ఏళ్ళుంటాయి. తెల్ల చొక్కా, జేబులో రెండు కలాలు, నోట్లో పాన్. చాలా మర్యాదగా, కుర్చీ అంచున కూర్చున్నాడు.

“సలాం వకీల్ సాబ్. మా క్వారీ మీద ఏదో సినిమా తీస్తున్రంట. మా మాలిక్ మస్తు ఫికర్ల ఉన్నడు.”

“ఏ క్వారీ పేరూ సినిమాలో లేదు,” అన్నాను.

“పేర్లు లేకున్నా జనానికి తెల్వదా? అంత అబద్దం వకీల్ సాబ్. ముగ్గురు పారిపోయిన్రు. అంతే ముచ్చట. చూసినోడు ఎవ్వడు లేడు. మేం కోర్టుకు పోతం, స్టే తెస్తం.”

“తెచ్చుకోండి.”

అతను నవ్వాడు. పాన్ అటు దవడ నుంచి ఇటు దవడకు మార్చాడు. “మా వకీల్ సాబ్ అన్నడు. ఆ పరబ్రహ్మం బొమ్మల ప్లీడరు గదా, ఆయన కాగితాలు గూడ సినిమా అట్టముక్కల లెక్కనే ఉంటయి, ఎనుక ఏం ఉండదు, ఒక్క తన్ను తంతె పడిపోతయి అన్నడు. నేననలె సాబ్, ఆయన అన్నడు.”

ఇంకేం, నిప్పు తొక్కిన కోతినయ్యాను. బీరువా తెరిచాను. మూడు గళ్ల కాగితం తీసి అతని ముందు బల్ల మీద చరిచాను. “చదువుకో! వత్తి ముట్టించిందెవరో నీ పేరుతో సహా ఉంది. చూసిన మనిషి వేలిముద్ర ఉంది. స్టే తెస్తావా? తే! కోర్టులో నిన్ను బోనెక్కిస్తాను!”

టైపు మిషను చప్పుడు ఆగింది. నేను అటు చూడలేదు.

వైకుంఠం తొందరపడలేదు. కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. వేలు అక్షరాల కింద జరుపుకుంటూ పెదాలు కదుపుతూ చదివాడు. తన పేరు వచ్చిన చోట వేలు ఆగలేదు. రెండో గడి దగ్గర ఆగింది.

“కాశమ్మ,” అన్నాడు మెల్లగా. “తండ్రి ఎల్లయ్య. కొత్త బస్తీ, మసీదెనుక మూడో గుడిసె.” రెండోసారి కూడా చదివాడు. కళ్ళద్దాలు తీసి జాగ్రత్తగా డబ్బాలో పెట్టుకున్నాడు. “బహుత్ పక్కా కాగితం వకీల్ సాబ్. మా వకీల్‌కి ఏం తెల్వది. ఇంక మేం కోర్టుకెందుకు పోతం? యాడ సంతకం పెట్టాల్నో చెప్పుండ్రి.”

సినిమాకు అభ్యంతరం లేదని నేను అప్పటికప్పుడు రాసిచ్చిన కాగితం మీద క్వారీ యజమాని తరఫున సంతకం పెట్టాడు. జేబులోంచి క్వారీ సీలు తీసి గుద్దాడు. రెండు చేతులా సలాం చేసి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అసలు అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడని నాకు అనుమానం రావాలి. రాలేదు. గెలిచాననుకున్నాను. కింద హోటల్ నుంచి రెండు చాయ్‌లు చెప్పాను.

హైమవతి తన చాయ్ ముట్టుకోలేదు.

“ఆ కాగితం బీరువా దాటదని ఆమెకు మీరే చెప్పారు సార్,” అంది.

“దాటిందా? ఇదిగో, బీరువాలోనే పెడుతున్నాను. అభ్యంతరం లేదని రాసిచ్చాడు, చూశావుగా. నీకు లా తెలుసా?”

“నాకు లా తెలీదు సార్. కానీ అతను తన పేరు దగ్గర ఆగలేదు.”

నేను చెవిన వేసుకోలేదు.

శుక్రవారం పొద్దున ప్రకాశం మద్రాసు నుంచి దిగి సరాసరి నా దగ్గరికే వచ్చాడు. వైకుంఠం సంతకం పెట్టిన కాగితం గొప్పగా చూపించాను. చదివాడు. మొహంలో సంతోషం లేదు.

“ఎట్ల ఒప్పుకుండు సార్?”

“మన ఆధారం చూసి నోరు మూసుకున్నాడు.”

“ఏ ఆధారం సార్? ఆమె పేరు చూపించిన్రా?” అన్నాడు.

నేను బీరువా వైపు చూశాను. ప్రకాశం గోడ పట్టుకున్నాడు. “సార్, నా పెండ్లానికి గూడ చెప్పలె సార్ నేను,” అన్నాడు. ఆ మాటతో వైకుంఠం వేలు ఎక్కడ ఆగిందో గుర్తొచ్చింది. నాకెవరూ చెప్పక కాదు, సోమవారమే హైమవతి చెప్పింది. నేను వినలేదు.

అప్పటికప్పుడు ఆటో చేసుకుని జల్‌పల్లి వెళ్ళాం. కొత్త బస్తీలో ఎటు చూసినా సున్నం గీతలతో ప్లాట్లు. మసీదు వెనక మూడో గుడిసె. అడగకుండానే దొరికింది. అంత సరిగ్గా రాయించాను నేను. తలుపు బయట గొళ్ళెం పెట్టి ఉంది.

పక్క గుడిసె ముందు ఒక ముసలామె మిరపకాయలు తొడిమెలు తీస్తోంది. పేరు బుచ్చమ్మని ప్రకాశానికి తెలుసు.

“కాశమ్మ యాడికి పోయిందవ్వా?” అని అడిగాడు.

“బుధారం పొద్దుగాల జీపచ్చింది బిడ్డా. పత్తర్‌గట్టి వకీల్ సాబ్ పిలుస్తుండు, ముద్ర సరిగ పడలేదంట, ఇంకోటి ఎయ్యాల్నంట అన్నరు. గా వకీల్ సాబ్ శాన కోపిష్టోడు, మొన్న తిట్టిండు, ఈపారి మంచిగ కడుక్కోని పోవాలె అని సబ్బు అడిగి తీస్కుంది నా దగ్గర. గీ రాయి మీదనే కూసోని బొటనేలు తోముకుంది.” ఆమె తన గడప ముందున్న బండరాయి చూపించింది. ఎండిపోయిన సబ్బుముక్క ఇంకా దాని మీదే ఉంది. “మళ్ల రాలె.”

జీపులో వచ్చినవాళ్ళు ఆమెను బెదిరించలేదు, లాక్కుపోలేదు. నా పేరు చెప్పారు, అంతే. ముద్ర సరిగ్గా పడలేదన్న సంగతి వాళ్ళకెలా తెలుసని వెతకనక్కర్లేదు. కొట్టేసిన మూడు ముద్రలూ ఆ కాగితం మీదే ఉన్నాయి.

అలవాటు ఎంత చెడ్డదో చూడండి. అప్పుడు కూడా నా చెయ్యి జేబులోని కలం మీదికే పోయింది. “అవ్వా, జీపులో ఎవరున్నారు? నీ పూర్తి పేరేంటి? తండ్రి పేరు?” అన్నాను.

బుచ్చమ్మ కలం వైపు చూసింది, నా నల్లకోటు వైపు చూసింది. ఒళ్ళో మిరపకాయలు నేల రాలేలా లేచింది. “నువ్వేనా గా వకీలు? నా పేరు రాయకు అయ్యా, నీ కాళ్లు మొక్కుత. నేనేం సూడలె. జీపు రాలె, ఏం రాలె.” లోపలికి పోయి తలుపేసుకుంది.

పోలీసు ఠాణాకు వెళ్ళాం. జీపెక్కడం చూసిందెవరని అడిగారు. నేను బుచ్చమ్మ పేరు చెప్పలేదు. చెప్పలేకపోయాను. ఇంకెవరు చూశారన్నారు. ఎవరూ లేరన్నాను. కూలిమనుషులు అట్లా ఎటో పోతుంటారు, వస్తుందిలెండి అని చాయ్ తాగమన్నారు. బయటికొచ్చాక ప్రకాశం రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాడు. “నేను సినిమా ఎందుకు తీసిన సార్?” అన్నాడు. నువ్వు తీసిన సినిమాలో తప్పు లేదురా, నేను తీసిన కాగితంలో ఉంది అందామనుకున్నాను. అందుకు బదులు అతన్ని లేపి ఆటో ఎక్కించాను.

మళ్ళీ సోమవారం, సరిగ్గా అదే వేళకు వైకుంఠం వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. చేతిలో ఒక స్టాంపు కాగితం.

“గిది గూడ మీ బీరువాల పెట్టుకోండ్రి వకీల్ సాబ్. మీకు పక్కా ఉండాలె గద.”

చదివాను. నేను ఏమీ చూడలేదు, నా తమ్ముడు మైసయ్య బొంబాయిలో బతికే ఉన్నాడు, నేనూ వాడి దగ్గరికే పోతున్నాను అని కాశమ్మ గురువారం నాడు తన ఇష్టపూర్వకంగా రాయించి ఇచ్చినట్టు ఉంది. కింద బొటనవేలి ముద్ర.

“మీ సినిమా మంచిగ ఇడుదల చేస్కోండ్రి,” అన్నాడు. “మాకేం అభ్యంతరం లేదు. రాసిచ్చినం గద.” గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. “ఇగ ఆ అమ్మాయి టైపు మస్తుగ చేస్తది. హైమవతి గదా పేరు? యాడుంటది?”

అతను జవాబు కోసం ఆగలేదు. మెట్లు దిగిపోయాడు. కిటికీలోంచి చూస్తే కొట్టు ముందు జీపు ఉంది. అతను ఎక్కాడు, కానీ జీపు కదల్లేదు.

బీరువాలోంచి పాత కాగితం తీసి రెండూ పక్కపక్కన పెట్టాను. భూతద్దంతో చూశాను. వేలు ఆమెదే. రాయి కోసుకుని పడిన అడ్డగీటు రెండింటిలోనూ ఉంది. కానీ నా కాగితం మీద నాలుగు ముద్రలూ అలికి ఉన్నాయి. హైమవతి మణికట్టు పట్టుకున్నా నాలుగోది కూడా వణికింది. అదీ నా ఆఫీసులో, ప్రకాశం పక్కనుండగా, నేను పూచీ పడ్డాక. ఈ కొత్త ముద్ర మాత్రం ఎంత శుభ్రంగా ఉందంటే ఒక్కొక్క గీతా లెక్కపెట్టవచ్చు. అంచు ఎక్కడా చెదరలేదు. పదిహేడేళ్ళలో నేను అంత మంచి ముద్ర చూడలేదు. ఆ మనుషుల మధ్య, ఆ అబద్ధం కింద, బతికున్న కాశమ్మ వేలు వణక్కుండా ఉండదు. ఈ ముద్ర ఆమె వెయ్యలేదు. ఆమె చెయ్యి ఎవరో పట్టుకుని వేశారు. అప్పటికి ఆ చేతికి భయం లేదు.

బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు, చెబుతున్నాను. హైమవతి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకున్నాక ఆమెతో, “నువ్వింటికెళ్ళు. వెనక మెట్ల మీంచి వెళ్ళు. రేపటి నుంచి రావద్దు,” అన్నాను.

ఆమె వెళ్ళలేదు. టైపు మిషను ముందు కూర్చుని కాగితం ఎక్కించింది. “ఫిర్యాదు కొడతాను సార్. మేజిస్ట్రేటు గారికి. చెప్పండి.”

“ఏమని కొడతావు? చూసినవాళ్ళెవరున్నారు?”

“పేరు చూపించింది మీరు కదా సార్. అతను దాన్ని చదవడం మనిద్దరం కళ్ళారా చూశాం కదా.”

కిటికీలోంచి చూశాను. జీపు అక్కడే ఉంది. అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. మొదటి గడి: కాశమ్మ పేరు, ఇల్లు వైకుంఠానికి ఎలా తెలిసిందో. నా కోపం, నా బీరువా, బల్ల మీద చరిచిన కాగితం, ఒక్కటీ దాచలేదు. రెండు వేలిముద్రలకూ ఉన్న తేడా కూడా కొట్టించాను.

“రెండో గడిలో ఎవరి పేరు సార్?”

“బుచ్చమ్మది వద్దు. ప్రకాశానిది వద్దు. నీది అసలే వద్దు. పరబ్రహ్మం అని కొట్టు. తండ్రి పేరు సుబ్రహ్మణ్యం. పత్తర్‌గట్టి, బట్టల కొట్టు పైన. ఇంటి చిరునామా కూడా వెయ్యి.”

కొట్టింది. కాగితం తీసి నా ముందు పెట్టింది. మూడో గడి ఖాళీగా ఉంది. కలం తీశాను. పదిహేడేళ్ళుగా ఒక్క ఊపులో పెట్టే సంతకం. చెయ్యి వణికింది. ‘ప’ దగ్గరే గీత పక్కకు పోయింది, చివర సిరా అలుక్కుపోయింది. నాకే గుర్తుపట్టరాకుండా ఉంది.

“ఇంకో కాగితం కొట్టమ్మా,” అన్నాను. “ఇది బాగాలేదు.”

హైమవతి ఆ కాగితాన్ని నా చేతిలోంచి తీసుకుని సిరా ఆరేదాకా ఊదింది.

“అక్కర్లేదు సార్,” అంది. “ఇలాగే ఉండనివ్వండి.”